మామిడి బెరడులో మజ్జిగ చుక్క

పోయిన నెల పనసపొట్టు కోసం రాజమండ్రి మార్కెట్టుకి వెళ్లాను. ఆ వరసలోకి వెళ్తే ముందు పొట్టు కొట్టేవాళ్ల మొహాలు చూడటం నాకు పాతికేళ్ల అలవాటు. వాళ్లలో ఒకాయన కనిపిస్తే పక్క వరసలోకి పోయి అక్కడ కొనుక్కునేదాన్ని. ఎందుకో చెప్తాను, అది చెప్పడానికే ఇదంతా. ఈసారి ఆయన కూర్చునే గోనెపట్టా మీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు.

"ఇక్కడ ఒక పెద్దాయన ఉండేవారు కదండీ, చెవి మీద పెన్సిలు పెట్టుకుని?" అనడిగాను.

"మా మావయ్యండి. పోయాడండి, వినాయక చవితి ముందు. అర కిలోనా అండి, కిలోనా?"

అర కిలో అన్నాను. అతను కొడుతుంటే నిలబడి చూశాను. బాగానే కొట్టాడు, పేరు పెట్టడానికి లేదు. కానీ ఆయన కొడితే ఒక పీచు రెండో పీచుకి అంటుకునేది కాదు. ఇంటికొచ్చి పొట్టు ఫ్రిజ్జులో పడేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మా వారు కంగారుగా "ఎవరు పోయారు?" అంటే "మా పాత ల్యాబులో అటెండరు" అన్నాను. ఆయన ఇంకేమైనా చెప్తానేమోనని చూసి వెళ్లిపోయారు.

తొంభైల చివర్లో మాట. నేను కొవ్వూరు నుంచి రోజూ పొద్దున్నే రైల్లో గోదావరి దాటి వచ్చి, రాజమండ్రి శివార్లలో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేసేదాన్ని. పీహెచ్‌డీ. అప్పట్లో ఎక్కడ చూసినా పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేసేస్తున్నారు. ఆ ఉప్పునీళ్లు ఇంకి, పక్కనున్న తోటల్లో మామిడి చెట్లు కొన్ని నిలువునా ఎండిపోతున్నాయి, కొన్ని మొండిగా తట్టుకుంటున్నాయి. తట్టుకునే చెట్టు లోపల ఏ ప్రోటీను తయారవుతోందో కనిపెట్టాలి. చెప్పుకోడానికి ఎంత బాగుందో కదా! దానికి ముందు లేతకొమ్మలోంచి, బెరడులోంచి ఆ ప్రోటీను బయటికి తియ్యాలి. అక్కడే మూడేళ్లు కూలబడ్డాను.

ఆయన్ని నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవారు. తెల్లారగట్ల మార్కెట్లో పనసపొట్టు కొట్టి, పదింటికల్లా ల్యాబుకి వచ్చేవారు. చేతులకి ఎప్పుడూ నువ్వులనూనె వాసన. పనస జిగురు అంటకుండా రాసుకున్న నూనె ఎంత తోమినా పోదట. మొదటిరోజు నేను బెరడు తూకం వేస్తుంటే, వెనకనుంచి వచ్చి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. కెవ్వుమన్నాను.

"బాబోయ్, ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదండీ!"

"మామిడి బెరడేగా అండి, ఎండ్రిన్ మందు కాదుగా." చప్పరించారు, మొహం చిట్లించారు, సింకులో ఉమ్మేశారు. "వగరండి. ఇది లొంగదు."

పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేర్లున్నాయి. ఆయన మాటే అన్నిటికన్నా సరైనది. మానులో, బెరడులో ప్రోటీను ఉండేదే పిసరంత, వగరు మాత్రం బోలెడు. ముక్క నలిగిందంటే చాలు, ఆ వగరు వచ్చి ప్రోటీన్ని వాటేసుకుంటుంది, ఇంక చచ్చినా వదలదు. వరి ఆకుతో పనిచేసే మా స్నేహితురాలు మధ్యాహ్నం భోజనానికి ముందే పని ముగించుకుని నవలలు చదువుకునేది. నేను మామిడి బెరడుతో కుస్తీ పడుతూ ఆ పిల్లని తిట్టుకునేదాన్ని.

వగరు విజృంభించకుండా ఉండాలంటే అంతా చల్లగా జరగాలి. బెరడుని ద్రవ నైట్రోజన్లో గడ్డకట్టించి, పింగాణీ రోట్లో పిండిలా నూరాలి. ఆ నైట్రోజన్ మాకు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చేది. ఆబోతుల, దున్నపోతుల వీర్యం దాచడానికి వాళ్లు తెప్పించుకునేదాంట్లో మాకు కాస్త పోసేవారు. బాబాయిగారు సైకిలు వెనక క్యాను కట్టుకుని, పొగలు కక్కుకుంటూ కంబాలచెరువు మీదుగా వస్తుంటే జనం తప్పుకునేవారు. ఒక్కోరోజు క్యాను అడుగున ఇంతే ఉండేది. "దున్నపోతులకి పోగా మిగిలింది మనకండి" అనేవారు.

నూరడం మాత్రం ఆయన నూరాల్సిందే. నేను నూరితే ఇసక, ఆయన నూరితే విభూది. బెరడుని ఎప్పుడూ బెరడు అనలేదు, "కూర" అనేవారు. "ఇవాళ కూర ముదరండి." "ఈ కూర చెరువుగట్టుదా అండి, ఉప్పు తగులుతోంది." నోట్లో వెయ్యొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. నేనే మొత్తుకోవడం మానేశాను, ఎందుకంటే ఆయన నాలిక ఒక్కసారీ తప్పలేదు.

ఆయన దినకూలీ అటెండరు. తొంభై రోజులు వరసగా పనిచేస్తే ఎక్కడ హక్కు పుడుతుందోనని, ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం పని తీసేసేవారు. మధ్యలో ఒక రోజు వదిలి, ఆ మర్నాడు కొత్త మనిషిని వేసుకున్నట్టు మళ్లీ కాగితం ఇచ్చేవారు. అలా పద్నాలుగేళ్లు. ఆ మధ్య రోజున ఆయన లోపలికి రాకూడదు. వచ్చి సైకిల్ స్టాండులో కూర్చునేవారు. ల్యాబు కిటికీ అటువైపే.

"అమ్మాయిగారూ! ఆ రోలు బోర్లించకండి, ఐసులో పెట్టండి!" అని అరుపు వినబడేది.

"మీరు ఇవాళ లేరు కదండీ?"

"లేనండి. గాలి చెప్పిందనుకోండి."

నవ్వేదాన్ని. ఒకసారి మాత్రం నవ్వలేక అడిగేశాను. "పెళ్లివంటల వాళ్లతో వెళ్తే ఇంతకి రెండింతలు ఇస్తారట కదా. ఎందుకండీ ఈ అగచాట్లు?"

"పద్నాలుగేళ్లు క్యూలో నించున్నానండి. కదలదు, తెలుసు. వదిలిపోదామంటే ఇన్నేళ్లూ నించున్న కాళ్లు ఊరుకోవండి." మళ్లీ తనే, "పెర్మనెంటయితే సెలవు ఉంటదండి. జొరమొచ్చిన రోజు పడుకోవాలని ఉందండి, ఇంకేం లేదు" అన్నారు.

నా పరిస్థితీ అంతకన్నా గొప్పగా ఏం లేదు. ఫెలోషిప్ మార్చితో ఆఖరు. చేతిలో ఒక్క ఫలితం లేదు. మానేద్దామంటే మూడేళ్లు గంగపాలు, కొనసాగిద్దామంటే దారి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా గైడుగారు రోజూ పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, చారలు వచ్చాయా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయేవారు.

చారలంటే ఇది. రెండు గాజు పలకల మధ్య పల్చటి జెల్లీ పోస్తాం. పైన చిన్న చిన్న గళ్లు ఉంటాయి. బెరడులోంచి తీసిన నీళ్లు ఒక్కో గడిలో ఒక్కో చుక్క పోసి కరెంటు పెడితే ప్రోటీన్లు కిందికి పాకుతాయి. నీలం రంగులో ముంచి కడిగితే అవి ఆగినచోట నీలి చారలు తేలతాయి. మూడేళ్లుగా మా గళ్ల కింద తేలింది మాత్రం టీ మరక.

జనవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం పలక కడుగుతుంటే, మరకల్లోంచి నీలి చారలు బయటపడ్డాయి. ఒక్కో గడి కింద మూడు. లావుగా, స్పష్టంగా, అమ్మవారి నుదుటి బొట్టంత నిండుగా. నేను గంతేశాను. గైడుగారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. వారం తిరక్కుండా "ఉప్పును తట్టుకునే మూడు కొత్త ప్రోటీన్లు" అని ఏదో సదస్సుకి రాసి పంపేశారు.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. దినకూలీల్లో ఒక్కరిని పెర్మనెంటు చేస్తారట. ముగ్గురు అధికారులు వచ్చి ఇంటర్వ్యూ చేస్తారట. గైడుగారు మంచి ఊపులో ఉన్నారు. "మూడేళ్లుగా ఎవరికీ లొంగని పని ఇతని చేతి పనితనం వల్ల లొంగింది" అని బాబాయిగారికి ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆయన ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపల దాచుకున్నారు. ఈసారి ఆ ఉద్యోగం ఆయనదే అని అందరం అనేసుకున్నాం.

ఇంటర్వ్యూకి ఐదు రోజుల ముందు, భోజనాల వేళ, నేను పద్ధతి రాసుకోడానికి నోటుబుక్కు తీసి అడిగాను. "ఆ రోజు ఎంతసేపు నూరారు బాబాయిగారూ? ఏమన్నా తేడాగా చేశారా?"

"నూరడం మామూలేనండి. ఆఖర్న మజ్జిగ చుక్క వేశాను."

"ఏం వేశారు?"

"మజ్జిగండి. మా ఇంటి గేదెదే. పుల్లగా లేదు లెండి." నా మొహం చూసి కంగారుపడ్డారు. "అరటిపువ్వు వలిస్తే నల్లబడుతుందా లేదా అండి? మజ్జిగలో పడేస్తే ఆగుతుందా లేదా? వగరుకి పట్టుకోడానికి ఏదో ఒకటి ఇవ్వాలండి. మజ్జిగ ఇస్తే దాన్ని పట్టుకుని మన కూర జోలికి రాదు. అన్ని గిన్నెల్లోనూ సమానంగానే వేశానండి, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పాలల్లో ఉన్నదే ప్రోటీను. ఎండిన చెట్టుకీ, తట్టుకున్న చెట్టుకీ, అన్ని గళ్లలోనూ అవే మూడు చారలు ఒకేలా ఎందుకొచ్చాయో నేను ఒక్కసారైనా ఆలోచించానా? చదువుకున్న మొద్దుని! గైడుగారు దేశానికి చాటిన మూడు కొత్త ప్రోటీన్లూ వీళ్ల గేదెవి.

సంగతి చెప్పాను. ఆయన క్యారియరు మూత బిగించారు. తర్వాత, "అయితే ఒట్టి మజ్జిగ ఒక గడిలో పోసి చూడండి" అన్నారు.

"ఎందుకండీ? తెలిసిపోతూనే ఉందిగా."

"తెలియడం వేరు, చూడటం వేరండి. ఉప్పు చూడకుండా వడ్డిస్తామా?"

మర్నాడు అలాగే చేశాం. ఒట్టి మజ్జిగ ఒక గడిలో, పాత నమూనాలు మిగతా గళ్లలో. నీలం కడిగేసరికి సాయంత్రం నా రైలు టైమైపోయింది. మజ్జిగ గడి కింద అవే మూడు చారలు, అన్నిటికన్నా లావుగా. బాబాయిగారు పలకని లైటుపెట్టె మీద పెట్టి, వంగి చూశారు.

"ఆయ్. మా గేదేనండి" అన్నారు.

నేను నవ్వలేదు. నా బుర్ర అప్పటికే వేరే లెక్కలు వేస్తోంది. సోమవారం ఆయన ఇంటర్వ్యూ. మార్చిలో నా ఫెలోషిప్. ఇప్పుడు నిజం బయటపడితే ఇద్దరం మునుగుతాం. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాను. "ఈ పలక మనిద్దరమే చూశాం బాబాయిగారూ. సోమవారం దాకా ఎవరితోనూ అనకండి. మీ కాగితం మీ చేతికొచ్చాక గైడుగారికి నెమ్మదిగా నేనే చెప్తాను. సరేనా?"

ఆయన సరే అనలేదు, కాదనలేదు. గాజు పలకలు కడుక్కుంటూ ఉండిపోయారు. మౌనం అర్ధాంగీకారం అనుకుని రైలు అందుకోడానికి పరిగెత్తాను.

సోమవారం ఆయన గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కొచ్చారు. చెవి మీద పెన్సిలు తీసి నా చేతికిచ్చి లోపలికెళ్లారు. నేను వరండాలో నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. హమ్మయ్య, సరదాగా జరుగుతోంది అనుకున్నాను. పది నిమిషాల్లో బయటికొచ్చారు.

"ఏమన్నారండీ?"

"ఉత్తరం చదివారండి. ఇన్నేళ్లూ రానిది నువ్వెట్టా తీశావని అడిగారండి."

"మీరేమన్నారు?"

"మజ్జిగ వేశానన్నానండి. ఆ చారలు మామిడివి కావండి, మజ్జిగవి, తర్వాత పోసి చూశాం అన్నానండి." పెన్సిలు నా చేతిలోంచి తీసుకున్నారు. "నవ్వారండి. ఒకాయన రేపు పోపు కూడా పెడతావా అన్నారు. నేనూ నవ్వానండి. పెద్దవాళ్లు నవ్వుతుంటే మనం బిగుసుకోకూడదు కదండీ."

ఒళ్లు మండిపోయింది. తండ్రి వయసున్న మనిషని కూడా చూడకుండా అరిచాను. "మీకసలు బుద్ధుందా? ఒక్క పూట నోరు మూసుకుంటే ఏం పోయేది? పద్నాలుగేళ్లు దేనికోసం పడిగాపులు పడ్డారు?"

"అడిగారండి. అడక్కపోతే చెప్పేవాణ్ణి కాదు."

"అడిగితే? ఇంకేదైనా చెప్పకూడదూ?"

ఆయన వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "అమ్మాయిగారూ, మీరు మూడేళ్లు ఎట్టా ఏడిచారో నేను చూశానండి. రేపు మీలాంటి పిల్ల ఎవరో మీరు అచ్చేసింది చదువుకుని, ఆ మూడు చారలకోసం మామిడి బెరడు నూరుకుంటూ కూర్చుంటదండి. రావు. ఎన్నేళ్లు నూరినా రావు. ఆ పిల్లకి ఎవరు చెప్తారండి?"

నా కోపం మాత్రం తగ్గలేదు.

ఉద్యోగం వేరే విభాగం అటెండరుకి వెళ్లింది. గైడుగారు సదస్సుకి పంపింది వెనక్కి తీసుకున్నారు. నాతో పదిరోజులు మాట్లాడలేదు, బాబాయిగారితో మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన మాత్రం యథాప్రకారం పదింటికి వచ్చి, నైట్రోజన్ క్యాను దించి, "ఇవాళ కూర ఏంటండీ?" అనేవారు.

ఆయన అన్న మాట నా బుర్రలోంచి పోలేదు. వగరుకి పట్టుకోడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. మజ్జిగ తప్పే కానీ ఆలోచన తప్పు కాదు. వగరు అంటుకునేదై ఉండాలి, కానీ అది ప్రోటీను కాకూడదు, నీళ్లలో కరగకూడదు. లైబ్రరీలో దుమ్ము దులిపి వెతికితే అలాంటి తెల్లపొడి ఒకటి ఉందని, ఎవరో ఎప్పుడో వాడారని తెలిసింది. మేం సరిగ్గా చదవలేదు, అంతే. గైడుగారు బతిమాలించుకుని నాకు ఆరునెలలు పొడిగింపు తెచ్చారు, పొడి తెప్పించారు. బాబాయిగారు దాన్నీ నాలిక మీద వేసుకుని, "దీనికి రుచే లేదండి, మంచిదే" అన్నారు. బెరడు, పొడి కలిపి నూరారు. ఒట్టి పొడి నానబెట్టి వడకట్టిన నీళ్లని కూడా ఒక గడిలో పొయ్యమని పట్టుబట్టారు. ఆ గడి ఖాళీగా వచ్చింది. మిగతావాటి కింద సన్నటి చారలు వచ్చాయి, వెంట్రుకల్లాంటివి. ఎండిన చెట్టులో లేనిది ఒకటి తట్టుకున్న చెట్టులో ఉంది. ఈసారి అవి మామిడివి.

నా థీసిస్ నిలబడింది ఆ చారల మీదే. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు రాశాను, పద్ధతి ఆలోచన ఆయనదేనని ఒక వాక్యం కూడా రాశాను. గైడుగారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. "అటెండరు పేరా? ఆ రోజు ఇంటర్వ్యూ కమిటీలో కూర్చున్నాయనే నీ పరీక్షకుడు. మజ్జిగ బాగోతం మళ్లీ తవ్వుకుంటావా?" అన్నారు. గైడుగారి సంతకం లేకుండా నా పుస్తకం గడప దాటదు. అడకత్తెరలో పోకచెక్కనైపోయానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, నేను గట్టిగా అడగనే లేదు. నాకు భయం. ఆ మూడేళ్ల గదిలోంచి ఎలాగైనా బయటపడితే చాలనిపించింది.

పుస్తకం బైండింగై వచ్చిన రోజు ల్యాబుకి తీసుకెళ్లాను. బాబాయిగారు బోర్లించిన ఐసు బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, అప్పుడు పుస్తకం అందుకున్నారు. బరువు చూశారు. బంగారు అక్షరాల మీద వేలు పోనిచ్చారు.

"మజ్జిగ సంగతి రాశారా అండీ?"

"రాశాను." నోరు జారింది. నిజంగానే జారింది, ముందు అనుకున్నది కాదు.

"నా పేరుతోటా?"

"మీ పేరుతోనే."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎక్కడండీ? చూపించండి ఓసారి. మా ఆవిడకి చెప్పాలి."

ఆయన చదివింది ఐదో తరగతి, తెలుగులో. ఆ ధైర్యంతో పద్ధతుల అధ్యాయం తీశాను. ఏ వాక్యమో కూడా చూడలేదు. పెద్దక్షరంతో మొదలైన ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదిగోండి" అన్నాను.

ఆయన వంగి చూశారు. పేరు చూసుకోడానికి అంతసేపు పట్టదు.

"ఇది ఎసిటోనండి" అన్నారు.

నా వేలు అక్కడే ఉండిపోయింది.

"ఆ సీసా రోజూ తుడిచి పెడతాను కదండీ. చదవలేను గానీ, అక్షరాలు బొమ్మలా గుర్తండి."

పుస్తకం మూశారు. నా చేతి చెమట అంటిన అట్టని తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు. మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే నాకు బాగుండేది.

"రాయలేకపోయానంటే సరిపోయేది కదండీ అమ్మాయిగారూ" అన్నారు.

తర్వాత నైట్రోజన్ క్యాను తీసుకుని, సైకిలెక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లిపోయారు. ఆయన తిరిగొచ్చేలోగా నేను రైలుకి వెళ్లిపోయాను.

రాయలేకపోయాను బాబాయిగారూ. ఆ ఒక్క మాట అనడానికి నాకు పాతికేళ్లు దొరికాయి. అనలేదు.